మిట్టమధ్యాహ్నం దర్శనం

మొన్న బెంగళూరు నుంచి మా పిన్ని కూతురి బిడ్డ వచ్చింది. సెలవులకని వచ్చిన పిల్ల పొద్దస్తమానం ఫోన్ ముందు పెట్టుకొని కూర్చుంటే, ఏ సినిమానో చూస్తోందనుకొని పక్కన చేరాను. తీరా చూస్తే అందులో ఒక గూడు! ఎక్కడో అమెరికాలో, మంచు పట్టిన చెట్టు చివర, తెల్లటి తల, పచ్చటి ముక్కు ఉన్న పెద్ద గద్ద ఒకటి గుడ్ల మీద పొదిగి కూర్చుంది. ఎవరో చెట్టుకు కెమెరా బిగించి పెట్టారట. రాత్రనక పగలనక ఆ గూడే కనిపిస్తుందట. "పెద్దమ్మా, ఇప్పుడు మనతో పాటు వేలమంది చూస్తున్నారు తెలుసా?" అంది. అంతలో ఒక కాకి వచ్చి గూటి అంచున వాలింది. ఏదో చిన్న పిట్ట వచ్చి ఒక ఈక ముక్కున కరుచుకొని పోయింది. గద్ద తల తిప్పి చూసి ఊరుకుంది. అంతమంది కళ్ళు తన మీద ఉన్నాయని దానికి తెలియనే తెలియదు. "బాగుందమ్మా" అని లేచి వంటింట్లోకి పోయాను. అక్కడ నాకు పనేమీ లేదు. ఊరికే పొయ్యి దగ్గర నిలబడ్డాను. చెంపలు వేడెక్కాయి. ఎవరూ ఏమీ అనకుండానే ఈ వయసులో నాకు అంత సిగ్గు ఎందుకు ముంచుకొచ్చిందో చెప్పాలంటే, మా చేను మిద్దె సంగతి చెప్పాలి.

మా ఊరు కంబదూరు పక్కన. మా ఇల్లు మాత్రం ఊర్లో లేదు, ఊరు దాటి అరగంట నడిస్తే వచ్చే మా చేన్లో ఉండేది. రాతి గోడలు, మట్టి మిద్దె, మిద్దె మీదికి వెనక వైపు బయటి నుంచి రాతి మెట్లు. ఇంటి వెనక నేల పల్లం, ఆ పల్లంలో పెద్ద తుమ్మచెట్టు. మిద్దె ఎక్కితే ఆ చెట్టు తల మన నడుము ఎత్తుకు వచ్చేది. ఇంట్లోకి అడుగు పెడితే సంగటి ఉడికిన వాసన, అవ్వ నమిలే ఆకువక్క వాసన, మూలన చెనిక్కాయ మూటల దుమ్ము వాసన. అవ్వంటే మా నాయన తల్లి. పొద్దున లేస్తూనే వాకిట్లో నిలబడి ఆకాశం చూసేది. మబ్బు కోసం చూసేదని మీరనుకుంటారేమో, మబ్బు మీద ఆశ ఆమె ఎప్పుడో వదులుకుంది. గరుడపక్షి కోసం చూసేది. ఏ గద్ద కనబడినా సరే, చెంపలేసుకొని "నాయనా గరుత్మంతా" అనేది. గద్దల్లో తేడాలు ఆమెకు పట్టవు, ఎగిరేదంతా స్వామి వాహనమే.

మా నాయన పేరు తిప్పేస్వామి. ఆ పేరుతో పిలిచే వాళ్ళు మాత్రం కరువైపోయారు. వరసగా బోర్లు వేయించడం, వరసగా అవి ఎండిపోవడం జరిగాక ఊరంతా 'ఎండు బోర్ల తిప్పన్న' అనేవాళ్ళు. చివరి బోరు నాడు నాకు బాగా గుర్తు. బోరు లారీ మోత విని ఊర్లో సగం మంది మా చేన్లోకి వచ్చారు. నీళ్ళు పడితే కేకలేద్దామని వచ్చిన జనమే. గొట్టంలోంచి తెల్లటి రాతి దుమ్ము లేస్తూనే ఉంది. తడి చుక్క లేదు. జనం చెప్పా పెట్టకుండా ఒక్కొక్కరే జారుకున్నారు. అందరికంటే ముందు తుండుగుడ్డ దులుపుకొని లేచిపోయింది ఓబిరెడ్డి, మా ఊరికి పెద్ద. 'ఎండు బోర్ల తిప్పన్న' అని మొదట అన్నదీ ఆయనేనని తరువాత తెలిసింది. లారీ ఆపేటప్పటికి చేన్లో మేమే మిగిలాం. ఆ రోజు తరువాత మా వాకిట్లోకి చుట్టం రావడం కూడా తగ్గిపోయింది. నాయన గడ్డం గీసుకోవడం మానేశాడు. మాట్లాడటమూ తగ్గించేశాడు.

అట్లాంటి ఇంటి వెనక, ఆ తుమ్మచెట్టు మీద, ఒక చలికాలం పెద్ద గద్దల జంట గూడు కట్టింది. తల, మెడ ముదురు గోధుమ రంగు, పొట్ట తెల్లగా, కళ్ళు పచ్చగా, చూపు మనిషి చూపులాగా ఉండేది. శివరాత్రి పోయేసరికి గూట్లో ఒకే ఒక పిల్ల, తెల్లటి దూదిపింజ. మొదట చూసింది మా అమ్మ. మిద్దె మీద మిరపకాయలు ఎండబెట్టడానికి పోయి, పరుగున దిగొచ్చింది. "అత్తా, నోట్లో పామును పెట్టుకొని వచ్చినాది! తోక ఒకటే బయట ఏలాడతాండాది!" అంది. అవ్వకు అంతకంటే ఏం కావాలి! గుళ్ళో గరుడుడి బొమ్మకు పాము ఉంటుంది, ఇక్కడ సాక్షాత్తూ పామును పట్టుకొని వచ్చాడు. మోకాళ్ళు పట్టుకొని మెట్లన్నీ ఎక్కింది. ఆమె ఎక్కేసరికి మిట్టమధ్యాహ్నం. తల్లి గద్ద గూట్లో నిలబడి, రెండు రెక్కలూ సగం విప్పి, కదలకుండా ఉంది. అవ్వ అక్కడే కూలబడి ఏడ్చేసింది. "రెక్కలు ఇప్పి దీవిస్తాండాడురా తిప్పా, మన కొంపను దీవిస్తాండాడు!"

ఇక చెప్పాలా! ఊర్లో ఎస్టీడీ బూత్ ఒకటి ఉండేది కాబట్టి కబురు పక్క ఊర్లకు కూడా పాకింది. జనం రావడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికే రెక్కలు విప్పుతాడని అవ్వ చెప్పడంతో అందరూ సరిగ్గా ఆ వేళకే వచ్చేవాళ్ళు. మిద్దె మీద కొబ్బరికాయలు, సాంబ్రాణి, గంట. జనం ఎక్కుతూనే గద్ద లేచిపోయేది. లేచి పైన చుట్లు తిరిగేది. "ప్రదక్షిణ చేస్తాండాడు" అనేది అవ్వ. అందరూ పైకి చూసి దండాలు పెట్టేవాళ్ళు. వాళ్ళు దిగిపోయాక అది వచ్చి వాలేది. మా నాయన మళ్ళీ గడ్డం గీసుకున్నాడు. తెల్ల పంచె కట్టాడు. వచ్చిన ప్రతి మనిషికీ మెట్ల దగ్గర ఎదురుపోయి "రాండప్పా, రాండి, మెట్లు జాగ్రత్త" అనేవాడు. 'గరుడస్వామి తిప్పన్న' అన్నారు ఎవరో. ఆ మాట విన్న పూట ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. నేను ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న ఏడది. ఎవరికీ మొహం చూపించలేక చస్తున్న దాన్ని, 'గరుడస్వామి వాళ్ళమ్మాయి' అనిపించుకొని తెగ మురిసిపోయాను.

మా వైపు వాకిట్లోకి ఎవరొచ్చినా ముందు చెంబుడు నీళ్ళు ఇవ్వాలి. వచ్చిన వాడు పగవాడైనా సరే. ఆ నీళ్ళ కోసం అమ్మ, నేను పక్క చేను బోరు దగ్గరికి బిందెలతో తిరిగేవాళ్ళం. అక్కడ కరెంటు వచ్చినప్పుడే నీళ్ళు, కరెంటు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. నెత్తిన చుట్టకుదురు పెట్టి పెట్టి అమ్మకు నడినెత్తిన వెంట్రుకలు ఊడిపోయాయి. అట్లా మోసి తెచ్చిన నీళ్ళ చెంబుతో ఒక మధ్యాహ్నం ఆమె మిద్దె ఎక్కింది. జనమంతా కళ్ళు మూసుకొని గోవిందలు కొడుతున్నారు. కళ్ళు తెరిచి ఉన్నది అమ్మ ఒక్కతే. గూట్లో పిల్ల నోరు తెరుచుకొని, మెడ వాల్చేసి, ఎగరొప్పుతోందట. దిగొచ్చి, జనం పోయేదాకా ఆగి, నాయనకు సంగటి పెడుతూ అంది: "అది దీవెనా కాదు, ప్రదక్షిణా కాదయ్యా. ఎండకు బిడ్డకు నీడ పడతాండాది. మన జనం ఎప్పుడు దిగుతారా, ఎప్పుడు వాల్దామా అని పైన తిరుగుతాండాది. ఇంగ నాలుగు దినాలు ఇట్లనే జరిగితే ఆ బిడ్డ బతకదు."

నాయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అయితే నన్నేం జేయమంటావు? వాకిట్లోకి వచ్చినోళ్ళను పొమ్మనాల్నా?"

"పొమ్మను."

"మా వంశంలో యా పొద్దూ ఆ మాట అనల్యా."

"అనరాదు కూడా" అని అవ్వ గోడ పక్క నుంచి అందుకుంది. "అయినా స్వామికి నీడేంది, ఎండేంది! నీ బుద్ధి కాలిపోనూ!"

మరునాడు నేను లేచేసరికి మా ద్వారబంధానికి వేపమండలు వేలాడుతున్నాయి. ఆ ఆకు కడితే ఆ ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందని అర్థం. ఒళ్ళంతా పొక్కులు లేచి మనిషి పడుకొని ఉందని. బయటివాళ్ళు గడప తొక్కరు, ఇంట్లో తాళింపు వేయరు, ఎవరినీ పొమ్మనే పని లేదు. వాళ్ళే దూరం నుంచి దండం పెట్టి పోతారు. "ఎవరికమ్మా పోసింది?" అని అడిగాను నిద్ర కళ్ళతో. "నీకే" అంది అమ్మ. నా మొహానికి పసుపు పూసి, చీకటి గదిలో చాప పరిచి, పడుకోమంది. అవ్వ ఆ ఆకు చూసి "అమ్మవారితో ఆటలాడతాండావా ముండా" అని తిట్టి, చింతపండు పులుసు చెంబు విసిరికొట్టి, పశువుల కొట్టంలోకి పోయి కూర్చుంది. నాయన ఆకు వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. నోరు విప్పలేదు. విప్పకపోవడమే ఒప్పుకోవడమని మేమనుకున్నాం.

నా జన్మలో గూటిని నిజంగా చూసింది ఆ నాలుగు రోజులే. మధ్యాహ్నం వచ్చిన జనం కంచె దగ్గరే ఆగి, ఆకు చూసి, చెంపలేసుకొని వెనక్కి పోయేవాళ్ళు. పొద్దునే, ఇంకా ఎవరూ రాని వేళ, నేను దుప్పటి కప్పుకొని మిద్దె ఎక్కి పిట్టగోడ వెనక నక్కి కూర్చునేదాన్ని. ఆ గూడు ఒక్క గద్దది కాదని అప్పుడే తెలిసింది. గూటి అడుగున, ముళ్ళపుల్లల సందుల్లో, పిచ్చుకలు కాపురం పెట్టాయి. పైన పాములు తినే రాజుగారు, కింద గింజలు ఏరుకునే సంసారం! పశువుల వీపుల మీద తిరిగే నల్లటి తోకపిట్ట, పసుల పోలిగాడు, ఎక్కడి నుంచో దూసుకొచ్చి తల్లి గద్ద నెత్తి మీద ఒకటి పొడిచి పారిపోయేది. అంత పెద్ద గద్దా తల వంచుకొని ఆ దెబ్బలు పడేది, పాపం. గోరింకలు వచ్చి గోల చేసి పోయేవి. ఒక పాలపిట్ట ఎదురు కొమ్మన కూర్చొని గంటసేపు ఊరికే చూసేది. మగ గద్ద పామును మింగి తోక చివర మాత్రం బయట పెట్టుకొని వస్తే, పిల్ల ఆ తోక పట్టుకొని బావిలోంచి చేంతాడు లాగినట్టు లాగేది. లాగి లాగి వెనక్కి వెల్లకిలా పడేది. నేను దుప్పటి నోట్లో కుక్కుకొని నవ్వేదాన్ని. మధ్యాహ్నం తల్లి రెక్కలు విప్పి నిలబడితే, గది కిటికీలోంచి దాని నీడ చెట్టు కింద నేల మీద కనిపించేది. పిల్ల మెడ నిలబెట్టింది. అమ్మ మొహం తేట పడింది. "బతుకుతాదిలే" అంది.

అయిదో నాడో ఆరో నాడో, జీపు మోత వినబడింది. ఓబిరెడ్డి. కళ్యాణదుర్గం నుంచి తన వియ్యంకులను, ఒక పూజారిని, పట్టుగుడ్డను, పూలను వెంటబెట్టుకొని వచ్చాడు. నేను చీకటి గదిలో చాప మీద ఉన్నాను. గోడ అవతల మాటలన్నీ వినిపిస్తున్నాయి. "ఏమప్పా తిప్పన్నా, ఆకు కట్టినారే! ఎవరికి?" అన్నాడు. నాయన దగ్గు వినిపించింది. "సరేలే, మనకు రాసి పెట్టి ఉండల్ల గదా. ఇంత దూరం వీళ్ళను పిల్చుకొని వస్తి, మా తిప్పన్న ఇంట్లో సాక్షాత్తు గరుడుడు వెలసినాడు చూద్దురు రాండని చెప్పి. పోనీలే, పోతాం" అన్నాడు. మా తిప్పన్న! బోరు నాడు అందరికంటే ముందు లేచిపోయిన మనిషి, ఈ పొద్దు మా వాకిట్లో చేతులు కట్టుకొని, మా తిప్పన్న అంటున్నాడు.

వేపమండలు తెంపిన చప్పుడు నాకు వినిపించింది. "తగ్గిపోయింది రెడ్డీ" అన్నాడు నాయన. గొంతు ఆయనది కాదు. "నిన్ననే నీళ్ళు పోసినాము. ఆకు తీయడం మర్చిపోయినాము. రాండి, రాండి పైకి."

ఇప్పుడైతే ఇదంతా ఒక లెక్కలోది కాదు. ఈ అనంతపురం ఇంట్లో గేటు చప్పుడైతే నేను కర్టెన్ సందులోంచి చూసి, "లేమని చెప్పు" అని పనమ్మాయికి చెప్తాను. ఫోన్ మోగితే ఊరెళ్ళానంటాను. మా పిల్లలు చుట్టాలకు ముందే మెసేజ్ పెట్టి రమ్మంటారు, వచ్చిన వాళ్ళకు మూత విప్పని నీళ్ళ సీసా ఇస్తాం. మా ఊరి గుట్టల మీద ఇప్పుడు వరసగా గాలిమరలు తిరుగుతున్నాయి, మా చేను మిద్దె కూలి మట్టిదిబ్బ అయింది. మనిషిని వద్దనడం మాకింత సులువైన పని. మా నాయనకు అది ప్రాణం పోయేంత పని. చిన్నప్పుడు అది ఆయన గొప్పతనమనుకున్నాను, తరువాత చేతకానితనమనుకున్నాను. ఇప్పుడు ఏమనుకోవాలో నాకే తెలియదు. ఒక్కటి మాత్రం నిజం. ఆకు తెంపిన చప్పుడు వినగానే నాకు పట్టరాని సంతోషమేసింది. తాళింపు లేని కూడు తప్పింది, చీకటి గది తప్పింది. లేచి మొహం కడుక్కొని, జడ వేసుకొని, ఓబిరెడ్డి వియ్యంకులకు టీ కాచాను. అమ్మ పొయ్యి పక్కన మోకాళ్ళ మీద తల పెట్టుకొని కూర్చుంది. నా వైపు ఒక్కసారి చూసింది. నేను చూడనట్టు చక్కెర కలిపాను.

వాళ్ళు తొందరగా దిగలేదు. పూజారి మంత్రాలు, హారతి, పట్టుగుడ్డ పిట్టగోడ మీద పరవడం, వరసగా నిలబడి ఫోటోలు. ఎండ మొదలైనప్పుడు ఎక్కిన వాళ్ళు, పొద్దు పడమరకు జారాక దిగారు. ఆసాంతం గద్ద పైన తిరుగుతూనే ఉంది. మామూలుగా అరవని పక్షి, ఆ రోజు అరిచింది. ఓబిరెడ్డి దిగొచ్చి నాయన భుజం మీద చెయ్యేసి "పుణ్యాత్ముడివప్పా" అన్నాడు. సాయంత్రం మగ గద్ద పామును తెచ్చింది. తోక బయటికి వేలాడేసుకొని పిల్ల ముందు వంగింది. పిల్ల లాగలేదు. ఆ గద్ద అట్లాగే వంగి, చాలాసేపు, పిల్ల లాగుతుందని చూస్తూ నిలబడింది. ఇంట్లో వాళ్ళం నలుగురమూ మిద్దె మీదే ఉన్నాం. అవ్వ చెంపలేసుకోవడానికి ఎత్తిన చెయ్యి దించేసింది.

ఓబిరెడ్డి అంతటి వాడు వచ్చి పోయాడని తెలిసి, మరునాడు ఎన్నడూ రానంత జనం వచ్చారు. మధ్యాహ్నానికి మిద్దె నిండిపోయింది. నేను కింద మెట్ల దగ్గర, తుమ్మచెట్టు నీడలో, నీళ్ళ గ్లాసుల పళ్ళెం పట్టుకొని నిలబడ్డాను. ఆ రోజు తల్లి గద్ద జనాన్ని చూసి ఒకసారి లేచింది, మళ్ళీ వెంటనే వచ్చి గూట్లో వాలింది. చచ్చిన పిల్ల మీద నిలబడి, రెండు రెక్కలూ విప్పింది. ఇంతమంది ఉండగా అది రెక్కలు విప్పడం అదే మొదలు. మిద్దె దద్దరిల్లిపోయింది. గోవిందా గోవిందా! ఆడవాళ్ళు ఏడ్చారు, పిల్లలను ఎత్తి చూపించారు. ఎవరో ముసలాయన "ఈ పొద్దు స్వామి మనల్ను ఇడిసిపోల్యా, సూడండప్పా, నిండు దర్శనం!" అని కేక వేశాడు. హారతి పళ్ళెం నాయన చేతికిచ్చి "నువ్వే ఇయ్యల్ల తిప్పన్నా" అన్నారు.

అప్పుడు అమ్మ గొంతు వినబడింది. ఎప్పుడూ నలుగురిలో పలకని మనిషి. "చచ్చిపోయిన బిడ్డకు నీడ పడతాండాదది. దండాలు పెట్టింది చాలు, బాగా కండ్లు తెర్సి సూడండి."

గంట ఆగిపోయింది. తరువాత నాయన మాట. పెద్దగా అరవలేదు, కానీ కిందున్న నాకు స్పష్టంగా వినిపించింది. "దిగండప్పా. అందరూ దిగి పోండి. మళ్ళ ఎవురూ రావద్దండి."

దిగారు. బోరు నాటి మాదిరిగానే, చెప్పా పెట్టకుండా. కొందరు గొణిగారు, ఒకామె "పిల్చి పొమ్మంటాడేమి, బలుపు" అని ఉమ్మేసింది. నా పళ్ళెంలోంచి ఒక్కరు కూడా గ్లాసు తీసుకోలేదు. ఒక్కొక్కరే నన్ను దాటి పోతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. అందరి వెనకా నాయన దిగాడు. చేతిలో ఇంకా ఆ హారతి పళ్ళెం, అందులో కర్పూరం ఆరిపోయి ఉంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. దాన్ని మెట్టు మీద పెట్టి, నా దగ్గర ఒక గ్లాసు అందుకున్నాడు.

"ఏంటికి నాయనా అట్లంటివి?" అన్నాను. "ఊర్లో మొహమెట్ల చూపిచ్చేది ఇంగ?"

ఆయన నన్ను చూశాడు. నీళ్ళు తాగకుండానే గ్లాసును పళ్ళెంలో పెట్టి, ఎండలో, చెప్పులు కూడా వేసుకోకుండా చేన్లోకి పోయాడు. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ మాట నాతో ఎత్తలేదు. తలకు మించిన ఎత్తులో ఆ తల్లి ఇంకా రెక్కలు విప్పుకొని నిలబడే ఉంది. నేను ఆ నీడలో నిలబడి ఊరి గురించి అడిగాను.